గద్ద నీడ కింద కుందేళ్ల దొడ్డి

జనవరి 12, ఆదివారం

ఈ నోట్సు మొదలుపెట్టడానికి కారణం మా కుందేలు పిల్ల చుక్క. ఈ సాయంత్రం నాలుగున్నరకు మా పెరట్లోంచి గద్ద దాన్ని తన్నుకుపోబోయింది.

మా ఇల్లు కడప ఊరికి చివర, పాలకొండల వైపు. చుట్టూ ఐదడుగుల ప్రహరీ, పెరట్లో ఒక వేపచెట్టు, మిగతాదంతా ఎర్రమట్టి నేల. కుక్కలు రాకుండా గేటు ఉంది. పిల్లి వస్తే తరమడానికి నేనున్నాను. పైనుంచి వచ్చేదాని గురించి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. తెల్లమ్మ, దాని పిల్లలు చుక్క, నల్లోడు రోజూ నాలుగింటికి బయటికొచ్చి గరిక తింటాయి. పిల్లలకు ఏడు వారాలు. చుక్క ఒళ్లంతా తెలుపు, నుదుటి మీద ఒకే ఒక్క నల్లచుక్క. ఆ ఎర్రమట్టి మీద ఎంత దూరం నుంచైనా కనబడుతుంది.

నేను దండెం మీద బట్టలు తీస్తున్నాను. నేల మీద ఏదో నీడ జరిగింది. తెల్లమ్మ వెనక కాలితో నేలను దబ్బుమని కొట్టింది. తల ఎత్తి చూసేలోపే గద్ద దిగింది. చుక్కను మూరెడు ఎత్తు లేపింది. నేను అరిచిన అరుపుకో, బరువు మోయలేకో వదిలేసి గోడ దాటిపోయింది.

చుక్క పడినచోటే పడి ఉంది. చెవులు వీపుకు అతుక్కుపోయాయి, కళ్లు పెద్దవయ్యాయి, ఊపిరి మాత్రం చాలా వేగంగా ఆడుతోంది. చేతిలోకి తీసుకుంటే గుండె నా వేళ్లకు కొట్టుకుంటూ తెలిసింది. రక్తం ఎక్కడా కనబడలేదు. దెబ్బ తగల్లేదేమో అనుకున్నాను. మా అత్త బొచ్చు పాయలు తీసి చూస్తే అప్పుడు కనబడింది. వీపుకు ఒకవైపు మూడు, రెండో వైపు ఒకటి, కందిగింజంత రంధ్రాలు. ముందు మూడు గోళ్లు, వెనక ఒక గోరు. గద్ద కాలు ఎలా పట్టుకుందో చుక్క వీపు మీదే తెలుస్తోంది.

ఆదివారమైనా తెలిసిన పశువుల డాక్టరు వచ్చి చూశారు. బొచ్చు కత్తిరించి, కడిగి, సూది వేశారు. పైకి చిన్నగానే ఉంటుంది కానీ గోరు లోతుకు దిగుతుందట, గోటికున్న మురికి లోపలికి పోయి చీము పడుతుందట. ఇంకో మాట గట్టిగా చెప్పారు. ఇంట్లో ఉన్న మాత్రలేవీ వేయొద్దు, ముఖ్యంగా అమాక్సిసిలిన్ లాంటివి నోట్లో వేస్తే కుందేళ్ల పేగుల్లో ఉండాల్సిన సూక్ష్మజీవులు దెబ్బతిని ప్రాణానికే ప్రమాదం అన్నారు. రాత్రంతా తింటోందా, పెంటికలు వేస్తోందా చూడమన్నారు. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే కుందేలుకు పేగు ఆగిపోయే ప్రమాదం ఉందట.

రాత్రి పదకొండింటికి ఇంకా ఏమీ ముట్టలేదు.

జనవరి 13, భోగి

తెల్లవారి ఐదింటికి కొత్తిమీర కాడ నోటి దగ్గర పెడితే అందుకుంది. అందరూ మంటలు వేసుకుంటుంటే నేను గూటి దగ్గర కూర్చుని ఏడ్చాను.

జనవరి 18

పండగ మూడు రోజులూ కుందేళ్లను గూటిలోనే ఉంచాం. ఆ తీరికలో నేనూ పాపా మిద్దె మీద కూర్చుని ఆకాశం చూశాం. శత్రువు ఎవరో తెలియకుండా కోట కట్టలేం కదా.

చుక్కను పట్టింది మామూలు నల్ల గద్ద. ఎగిరేటప్పుడు తోక చివర చీలినట్టు కనబడుతుంది, అదే గుర్తు. కిలో కూడా తూగని పక్షి ఇది. రెండు కిలోల తెల్లమ్మను ఎత్తుకుపోలేదు, కానీ ఎత్తకపోయినా గోళ్లు దించితే చాలు. తెల్ల తల, ఎర్రటి రెక్కలున్న గరుడ పక్షి అప్పుడప్పుడు బుగ్గవంక వాగు వైపు నుంచి వస్తుంది. మా అత్త దానికి దణ్ణం పెడుతుంది. అది ఇంకా తేలిక. వేపచెట్టులో దాక్కునే చిన్న డేగ ఒకటుంది, ఉడుతల్నీ తొండల్నీ పడుతుంది. పెద్ద కుందేలుకు దానితో భయం లేదు, కళ్లు తెరవని పసికూనలకు ఉంది.

గద్దలు పొద్దున పెద్దగా రావు. ఎండెక్కి నేల వేడెక్కాక గాలి పైకి లేస్తుంది, ఆ గాలి మీద రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతాయి. ఆదివారం మటన్ కొట్ల దగ్గర గుంపుగా ఉంటాయి. మధ్యాహ్నం కొట్లు కట్టేశాక ఇలా ఊరి చివరికి తిరుగుతున్నాయి. మా చుక్క దొరికింది ఆదివారం సాయంత్రమే. దీనికితోడు ఇది వాటి పిల్లల కాలం. జనవరి నుంచి గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. టెలిఫోన్ టవర్ మీద ఒక జంట పుల్లలు మోస్తోంది.

మా మరిది వచ్చి, "వదినా, ఉండేలుతో రెండు కొడితే మళ్లీ ఈ దిక్కు చూడవు" అన్నాడు. వద్దన్నాను. గద్దలైనా గుడ్లగూబలైనా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పక్షులే, కొడితే కేసు. చట్టం ఒకటే కాదు, నాకు మనసు ఒప్పదు. ఊళ్లో కుళ్లిన మాంసం ముక్కలన్నీ ఏరి శుభ్రం చేసేది ఆ గద్దలే. పైగా ఇది కలివికోడి జిల్లా. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో ఇక్కడి పొదల్లోనే మళ్లీ కనిపించింది. పక్షుల కోసం అడవినే కాపాడుకున్న చోట నా కుందేలు కోసం గద్దను చంపలేను. కుందేలును కాపాడే పని నాది, ఆకాశంలో దాని తిండి అది వెతుక్కుంటుంది.

జనవరి 20

బాబు సలహా: పాత సీడీలు దారానికి కట్టి వేలాడదీయడం. మిద్దె నుంచి చెట్టుకు నాలుగు దారాలు, పద్నాలుగు సీడీలు. ఎండకు తళతళలాడుతున్నాయి. గద్ద దూరం నుంచే మళ్లిపోయింది. అందరికీ సంబరం.

జనవరి 25

ఐదో రోజు గద్ద వచ్చి సీడీల దారం కట్టిన కొయ్య మీదే కూర్చుంది. పది నిమిషాలు కూర్చుని రెక్కలు సర్దుకుంది.

కదిలేది, మెరిసేది తనను ఏమీ చేయదని గద్దకు త్వరగా అర్థమైపోతుంది. కుందేళ్లకు మాత్రం అర్థం కాలేదు. సీడీ వెలుగు నేల మీద పరిగెత్తినప్పుడల్లా తెల్లమ్మ బిగుసుకుపోతోంది. నేను ఎవరిని భయపెడుతున్నానో చూసుకుని అన్నీ విప్పేశాను. దిష్టిబొమ్మ ఆలోచన కూడా అక్కడితో వదిలేశాను.

జనవరి 29

పక్కింటి వదిన పాత నైలాన్ వల ఇచ్చింది. చేపల వల లాంటిదే, కన్ను రెండంగుళాలు. ప్రహరీ మీదనుంచి చెట్టుకు కట్టి పెరట్లో సగం కప్పేశాం. ఖర్చు లేదు. గంటన్నరలో పని అయిపోయింది.

జనవరి 31

పొద్దున లేచేసరికి వలలో ఉడుత. రాత్రి ఎప్పుడు చిక్కిందో, తిరిగి తిరిగి దారం నడుముకు మూడు చుట్లు చుట్టుకుంది. కూత కూడా లేదు, నోరు తెరిచి ఎగపీలుస్తోంది. పాప తువ్వాలుతో దాన్ని పట్టుకుంది. నేను గోళ్లు కత్తిరించే చిన్న కత్తెరతో ఒక్కొక్క పోగూ కోశాను. పదకొండు పోగులు. చివరి పోగు చర్మంలోకి దిగి ఉంది, దాన్ని కత్తెర మొనతో లేపి కోయాల్సి వచ్చింది. వదిలేస్తే చెట్టెక్కి ఒక కొమ్మ మీద చాలాసేపు పడుకుంది, తర్వాత కనబడలేదు.

వదులుగా వేలాడే వల ఇక మా ఇంట్లో ఉండదు. ఉడుత చిక్కినట్టే రేపు డేగ చిక్కుతుంది, మైనా చిక్కుతుంది. గద్ద బరువుకు సాగి కిందికి దిగితే కుందేలు కూడా దానికి అందుతుంది. కట్టేది ఏదైనా బిగుతుగా, తీగతో ఉండాలి.

ఫిబ్రవరి 2, ఆదివారం

కుందేళ్లకు జాలీతో దొడ్డి కట్టిద్దామని వెళ్తే హార్డ్‌వేర్ కొట్లో రెండు రకాల జాలీ చూపించారు. ఒకటి ఆరు మూలల కన్నున్న కోళ్ల జాలీ, చవక. రెండోది వెల్డ్ మెష్, అరంగుళం చదరపు కన్ను, ప్రతి కలయిక దగ్గర తీగలు అతికి ఉంటాయి. కోళ్ల జాలీ ముక్క ఒకటి అడిగి తీసుకుని కటింగ్ ప్లేయర్‌తో లాగాను. ఒక మెలిక విడిపోగానే పక్కవన్నీ వరసగా విడిపోతూ పోయాయి. అది కోడి బయటికి పోకుండా ఆపడానికి పనికొస్తుంది, కుక్క పళ్లకు ఆగదు.

కన్ను అరంగుళమే ఎందుకంటే, కన్ను పెద్దదైతే కుందేలు జాలీకి ఆనుకుని పడుకున్నప్పుడు బయటినుంచి గోరు లోపలికి వస్తుంది. పక్షి కాలు, పిల్లి పంజా రెండూ అంతే. పాములు, ఎలుకలు కూడా చాలావరకు ఆగుతాయి. ఇక్కడ పొదుపు చేయకూడదని అనుకున్నాను.

ఫిబ్రవరి 6

వెల్డింగ్ అన్న కొలతలకు వచ్చాడు. నేను పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు, ఆరు ఎత్తు అని కాగితం మీద గీసి పెట్టాను, మనిషి నిలబడొచ్చని. ఆయన కాగితం తిప్పి చూసి, "అక్కా, జాలీ చుట్ట వెడల్పు నాలుగడుగులు. ఆరడుగులు ఎత్తు పెడితే గోడ మధ్యలో అతుకు వస్తుంది. ఏదైనా విరిగేది అతుకు కాడనే" అన్నాడు. ఎత్తు నాలుగడుగులకు అంగుళం తక్కువ. వెడల్పు ఎనిమిది కాదు, ఏడున్నర. అప్పుడు కప్పుకు వేసే రెండు జాలీలు నడిమి పైపు మీద ఒకదానిపై ఒకటి ఎక్కి కూర్చుంటాయి. లోపలికి వెళ్లాలంటే నేను వంగి దూరాలి, పర్వాలేదు.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పాడు. జాలీ తీగ సన్నం, వెల్డింగ్ రాడ్డు తగిలితే కాలి తెగిపోతుంది. అందుకని జాలీ మీద ఇనప పట్టీ పెట్టి, పైపుకు స్క్రూలతో బిగించాలి. జాలీ ఫ్రేముకు బయటి వైపు ఉండాలి. బయటినుంచి ఏదైనా తోస్తే ఫ్రేముకే అదుముకుంటుంది, ఊడిరాదు.

ఫిబ్రవరి 12

ఫ్రేము వచ్చింది. అంగుళం స్క్వేర్ ట్యూబ్, కప్పుకు అడ్డంగా మూడు, నిలువుగా నడుమ ఒకటి. నలుగురం మోసుకొచ్చి వేపచెట్టుకు పడమర పెట్టాం. జాలీ బిగించడానికి రెండు రోజులు పట్టింది. కోసిన తీగ కొనలు సూదుల్లా ఉన్నాయి. ఒక్కొక్క కొన బయటికి వంచి ఆకురాయితో రుద్దాం. పాప వేళ్లకు ఆరు చోట్ల గీసుకుంది, గ్లవ్స్ ముందే తేవాల్సింది.

ఖర్చు: జాలీ 7,000, పైపులు 3,200, కూలి 3,000, పెయింటు, స్క్రూలు, గడియలు కలిపి 1,100. మొత్తం 14,300 రూపాయలు. మాకు తక్కువ డబ్బేమీ కాదు.

ఫిబ్రవరి 15

నేల సంగతి. కప్పు గట్టిగా ఉన్నా కింద తవ్వితే లాభం లేదు. తెల్లమ్మ లోపలినుంచి తవ్వుతుంది, ముంగిస బయటినుంచి తవ్వుతుంది. దొడ్డి చుట్టూ అడుగు వెడల్పున జాలీ ముక్కలు నేల మీద పరిచి ఫ్రేముకు కట్టి, వాటి మీద కడప బండలు వేశాం. మా ఊళ్లో దీనికి లోటేముంది, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ముక్కలే గోడ వెంట పేర్చి ఉన్నాయి. లోపల నీడ పడే మూల కూడా రెండు బండలు పరిచాను. నీడలో ఆ నల్లబండ చల్లగా ఉంటుంది. ఎండలో మాత్రం కాళ్లు కాలుతాయి, అందుకే మూల చూసి వేయాలి.

ఫిబ్రవరి 16, ఆదివారం

నెల తర్వాత మొదటిసారి కుందేళ్లు పెరట్లోకి వచ్చాయి. చుక్క వీపు మీద బొచ్చు మళ్లీ మొలిచింది.

నాలుగూ పదికి గద్ద వచ్చింది. దొడ్డి పైన ఒక చుట్టు తిరిగింది. దాని నీడ జాలీ కప్పు మీదనుంచి కిందికి దిగి, గరిక మీదుగా, చుక్క పక్కనుంచి జారుతూ పోయింది. చుక్క అక్కడే బిగుసుకుపోయింది. నేను వాచీ చూసుకున్నాను. ముప్ఫై ఎనిమిది నిమిషాలు కదల్లేదు. తెల్లమ్మ ఫ్రేము మూలకు దూరి ముక్కు జాలీకి నొక్కుకుంది.

అంటే నేను గద్ద నుంచి కాపాడాను గానీ గద్ద భయం నుంచి కాపాడలేదు. కప్పు తనను కాపాడుతుందని కుందేలుకు ఎలా తెలుస్తుంది? దానికి కళ్లు తలకు పక్కల ఉంటాయి, వెనకా పైనా దాదాపు అంతా కనబడుతూనే ఉంటుంది. జాలీలోంచి ఆకాశం మొత్తం కనబడుతోంది. భయంతోనే కుందేళ్లు చనిపోవడం ఉందని డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చి చాలా టెన్షన్ పడ్డాను.

ఫిబ్రవరి 18

మా అత్త పడమటింట్లోంచి పాత గంప తెచ్చింది. "కోడిపిల్లలకు గద్ద భయమైతే ఏం చేస్తాం? గంప కింద మూస్తాం. దీనికీ అంతే" అంది. గంపను బోర్లించి, అంచు దగ్గర రెండు వైపులా దూరేంత కోశాం. రెండు దారులు ఉండాలని నేనే పట్టుబట్టాను. ఒకటే దారైతే లోపల మూలకు చిక్కినట్టు ఉంటుంది, ఇంకో కుందేలు దారికి అడ్డం కూర్చున్నా కష్టమే. అలాంటివి మూడు గంపలు, పగిలిన బాన ఒకటి, సిమెంటు పైపు ముక్క ఒకటి. దొడ్డిలో ఎక్కడున్నా రెండు దూకుల్లో ఏదో ఒక దాని కిందికి చేరేలా సర్దాను. కప్పులో సగభాగం మీద ఈతచాప పరిచి కట్టాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

గద్ద నీడ. మూడూ మూడు గంపల కింద. చుక్క పన్నెండు నిమిషాల్లో బయటికి.

మార్చి 5

ఇది రాసేటప్పటికి రాత్రి ఎనిమిది. చేతులు ఇంకా వణుకుతున్నాయి.

ఈ మధ్య కొండ వైపు నుంచి చీకటి పడే వేళకు బూ...బో అని ఒక లోతైన కూత వినబడుతోంది. ఇవాళ పని ఎక్కువై కుందేళ్లను గూటిలో పెట్టడం ఆలస్యమైంది. ఆరూముప్పావుకు దొడ్డిలోంచి దబ్బు, దబ్బు, దబ్బు. టార్చి వేశాను. ఫ్రేము మీద పెద్ద పక్షి కూర్చుని ఉంది. నారింజరంగు కళ్లు రెండు నా వైపే. తల మీద రెండు కొమ్ముల్లాంటి ఈకలు. పేద్ద గుడ్లగూబ, రాళ్ల కొండల్లో ఉండే రకం. గోళ్లు జాలీ తీగల మీద ఉన్నాయి, అరంగుళం కన్నులోంచి ఒక గోటి మొన మాత్రం లోపలికి వంగి కనబడింది. నేను అడుగు వేయగానే లేచింది. అంత పెద్ద రెక్కలు, చప్పుడు మాత్రం ఇసుమంత లేదు. తల మీదనుంచి పోతే గాలి తగిలింది, శబ్దం రాలేదు.

మూడు కుందేళ్లూ చాప కప్పిన వైపు గంపల కిందే ఉన్నాయి. కోళ్ల జాలీ వేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోలేకపోతున్నాను. ఈ గుడ్లగూబ నల్ల గద్ద లాంటిది కాదు. గద్ద కంటే చాలా బరువైనది, కుందేలును వేటాడే బలమున్నది.

మా అత్తకు గూబ ఇంటి మీద వాలిందని బాధ. తరిమెయ్యాలి అంది. ఆమెతో చాలాసేపు మాట్లాడాను. కొండలో ఎలుకల్ని తినే పక్షి అది, వాలింది మన ఇంటి మీద కాదు, కుందేళ్ల చప్పుడు విని, కదలిక చూసి దొడ్డి మీద వాలింది అన్నాను. "సరేలేమ్మా, పొద్దు గూకేలోపు వాటిని లోపల పెట్టు" అంది. అది సరైన మాట.

మార్చి 6

కొత్త నియమం గోడ మీద రాసి అంటించాం: పొద్దు గూకేలోపే గూటిలోకి. వంతులు పాపకు, బాబుకు. గూడు ఇటుకలతో కట్టింది, తలుపుకు రెండు గడియలు. ఈతచాపను కప్పు మొత్తానికి కాకుండా మూడింట రెండు వంతులకు పెంచాను. ఎండ తగలాలి, గాలి ఆడాలి, కానీ కప్పు మీద వాలిన పక్షి కుందేలుకు కనబడకూడదు.

మార్చి 22

నల్లోడికి నాలుగు నెలలు నిండుతున్నాయి. మగది. ఇప్పుడు వేరు చేయకపోతే తల్లీ చెల్లీ అని చూడదు, నెల తిరిగేసరికి పిల్లలు. మిగిలిన జాలీతో దొడ్డికి నడుమ అడ్డం కట్టాం.

ఏప్రిల్ 9

ఎండలు. ఇప్పుడు గద్ద కన్నా ఎండే పెద్ద శత్రువు. కుందేలుకు చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల గుండానే పోవాలి. ముప్ఫై డిగ్రీలు దాటితేనే కష్టపడుతుంది, ఇక్కడ నలభై దాటింది. ఈతచాప పైన అడుగు ఎత్తున ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టాం. ఎత్తులో కట్టకుండా చాప మీదే పరిస్తే వేడి కిందికే దిగుతుంది, మధ్యలో గాలి పోయే సందు కావాలి. అయినా పదింటి నుంచి ఐదింటి దాకా వాటిని ఇంట్లోకే తెస్తున్నాం. ముందుగది కడప బండల మీద బార్లా పడుకుంటాయి. సీసాలో నీళ్లు గడ్డకట్టించి గుడ్డ చుట్టి పెడితే చుక్క దానికి చెవి ఆనించి పడుకుంటుంది.

దొడ్డి ఇప్పుడు పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా, సాయంత్రం ఒక గంట మాత్రమే.

ఏప్రిల్ 27

వేపచెట్టులో ఏట్రింత జంట గూడు కట్టింది. మా అత్త దాన్ని పసులపోలిగాడు అంటుంది. మైనా అంత బరువైనా ఉండదు, నల్లగా, చీలిన పొడుగు తోకతో. గద్ద చెట్టు పక్కకు వస్తే చాలు, పైకి లేచి వీపు మీద పొడుస్తూ టవరు దాకా తరుముతోంది. కాకిని కూడా వదలడం లేదు. ఈ పదిహేను రోజుల్లో దొడ్డి మీదుగా గద్ద నీడ ఒక్కసారే పడింది. చెట్టు కొమ్మలు కొట్టిద్దామనుకున్న పనిని వాయిదా వేశాను.

మే 11, ఆదివారం

రాత్రి గాలివాన. పొద్దున చూస్తే షేడ్ నెట్ ప్రహరీ అవతల, వేప కొమ్మ ఒకటి కప్పు మీద. కొమ్మ పడినా జాలీ తెగలేదు, ఒకచోట సొట్ట పడింది అంతే. అసలు తప్పు వేరే చోట దొరికింది. గాలి షేడ్ నెట్‌ను తెరచాపలా పట్టి ఫ్రేమును ఒకవైపు లాగింది, దొడ్డి జానెడు జరిగింది. ఉత్తరం మూల బండ తొలగి, నేలకూ పైపుకూ మధ్య చెయ్యి దూరేంత సందు. కుందేళ్లు రాత్రి గూటిలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

నాలుగు నెలలుగా పైకే చూస్తూ ఫ్రేమును నేలకు కట్టడం మరిచిపోయాను. ఇది నా తప్పే.

మే 14

నాలుగు మూలలా అడుగున్నర గుంత తీసి, పైపు ముక్కలు దించి, కాంక్రీటు వేసి, ఫ్రేముకు బోల్టులతో బిగించాం. షేడ్ నెట్‌ను ఇప్పుడు ఫ్రేముకు కట్టలేదు. వేరుగా పాతిన నాలుగు కొయ్యలకు కట్టి, పెద్ద గాలి వస్తే ముడి విప్పేలా పెట్టాను. మూడో రోజు నలుగురం కలిసి తోసి చూశాం. కదల్లేదు.

మే 29

రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. కుందేళ్లు దొడ్డిలోకి పోలేదు, నేనూ పంపలేదు.

జూన్ 8, ఆదివారం

నిన్న రాత్రి చిన్న వాన. పొద్దున నేల తడి, గరిక కొత్తగా లేచింది. ఆరున్నరకు మూడింటినీ వదిలాం. తలుపు గడియ ఒకటి వదులైంది, ఈ వారం మార్చాలి. చాప అంచు తెల్లమ్మ కొరికేసింది, అది కూడా.

టవరు మీది గద్ద పిల్ల ఎగరడం నేర్చుకుంది. ఎనిమిదింటికి తల్లితో కలిసి మా పెరటి మీదుగా తక్కువ ఎత్తులో పోయింది, రెండు నీడలు ఒకదాని వెనక ఒకటి తడినేల మీదుగా వచ్చాయి. తెల్లమ్మ దబ్బుమని కొట్టింది. చుక్క రెండు దూకుల్లో గంప కింద. నేను వాచీ చూశాను. గంప సందులోంచి మొదట ముక్కు కనబడింది, ఆ తర్వాత నుదుటి మీది చుక్క. ఒక నిమిషం ఇరవై సెకన్లు. బయటికొచ్చి, సగంలో వదిలేసిన అదే గరిక పోచ దగ్గరికి పోయి మళ్లీ నమలడం మొదలుపెట్టింది.